బాల వైజ్ఞానిక్: ఉపాధ్యాయులు దిద్దిన పాఠ్యగ్రంథము

విజ్ఞానశాస్త్ర బోధనను బాగుచేయుటకై స్వతంత్ర భారతదేశములో జరిగిన ప్రయత్నములలో హోషంగాబాదు కార్యక్రమమునకు ప్రత్యేక స్థానము కలదు. మధ్యప్రదేశ్‌లో నర్మదానది ఒడ్డున గల ఆ జిల్లాను ఇప్పుడు నర్మదాపురమని పిలుచుచున్నారు. 1972లో అచ్చటి 16 మాధ్యమిక పాఠశాలలలో ప్రారంభమైన ఈ కార్యక్రమము 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికిని వ్యాపించి, తరువాత ఇతర జిల్లాలకును ప్రాకి, 30 సంవత్సరములు నడచి, 2002లో ప్రభుత్వపు ఉత్తరువుతో ముగిసినది. దీనిని మెచ్చుకొన్నవారు ఎక్కువగా పిల్లలను గూర్చియే వ్రాసినారు. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుండి ప్రయోగములు చేసినారనియు, పుస్తకము తెరచుకొని పరీక్ష వ్రాసినారనియు, తమ సందేహములను ‘సవాలీరామ్’ అను కల్పిత వ్యక్తికి ఉత్తరముగా వ్రాసి జవాబులు తెప్పించుకొన్నారనియు చదువునప్పుడు ఎవరికైనను ముచ్చట కలుగును. అయితే ఆ తరగతిలో నిలుచున్న ఉపాధ్యాయుని సంగతి ఏమి? అతడు ఏమి నేర్చుకొన్నాడు? నేర్చుకొన్నదానివలన అతనికి లభించిన అధికారమేమి? ఈ వ్యాసమున ఈ ప్రశ్నలనే పరిశీలింతము.

కార్యక్రమపు పాఠ్యగ్రంథము పేరు ‘బాల వైజ్ఞానిక్’. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు హిందీలో వెలువడినది. దీనిని మొదటిసారి చేతబట్టిన ఉపాధ్యాయునికి కలుగునది ఆశ్చర్యము కాదు, చిరాకు. ఇందులో నిర్వచనములు వల్లించుటకు లేవు. గళ్లు కట్టి ముద్రించిన సూత్రములు లేవు. ఈ పని చేసి చూడుమనియు, చూచినది వ్రాసికొనుమనియు, ఎందుకట్లు జరిగినదో జట్టులోనివారితో మాటలాడుమనియు చెప్పుచు పుస్తకము సాగిపోవును. ప్రశ్నలు కావలసినన్ని కలవు. జవాబు మాత్రము పిల్లవాని నోటుపుస్తకములో తయారు కావలెను. పాఠమును చదివించి, ముఖ్యాంశములను నల్లబల్లపై వ్రాసి, కంఠస్థము చేయించుటయే బోధనయని నమ్మినవానికి ఈ పుస్తకముతో చేయుటకు పనియే కనిపించదు. గైడు అచ్చువేయువారికి కూడ ఇందులో పెద్ద లాభము లేదు.

ఒక పాఠమును తీసికొందము. ‘ఘట్-బఢ్ ఔర్ సన్నికటన్’ అను శీర్షికగల పాఠము కొలతలలోని హెచ్చుతగ్గులను, ఉజ్జాయింపును గూర్చినది. ఒకే వస్తువును పలువురు కొలిచినప్పుడు అందరికిని ఒకే అంకె ఎందుకు రాదు అనునది ఇందలి విషయము. ఇటువంటి పాఠము తరగతిలో ఎట్లు నడచునో చూచుటకు ఒక ఉదాహరణ చెప్పెదను. అంకెలు నేను కల్పించినవి.

ఎనిమిది జట్లు 30 సెంటీమీటర్ల చెక్క స్కేళ్లతో ఒకే బల్ల పొడవును కొలిచినవి. సెంటీమీటర్లలో వచ్చిన కొలతలు ఇవి: 89.4, 89.7, 89.8, 89.8, 89.9, 90.0, 90.1, 91.4. వీనిలో సరియైనది ఏది? మామూలు తరగతిలో ఉపాధ్యాయుడు తొంబది అని చెప్పి ముందుకు సాగిపోవును. కొంచెము శ్రద్ధగలవాడు సగటు తీయించును. ఎనిమిదింటి సగటు ఇంచుమించు 90.0 వచ్చును. బల్లను చేసిన వడ్రంగియు తొంబది అనియే చెప్పియుండినచో ఇక అందరికిని సంతోషమే. కాని ఆ సంతోషము ఎంతోసేపు నిలువదు. చివరి అంకెను పక్కకు పెట్టి మిగిలిన ఏడింటి సగటు తీసినచో 89.8 మాత్రమే వచ్చును. అనగా మనలను సంతోషపెట్టిన ఆ తొంబది, గుంపునుండి దూరముగా పడిన ఒక్క అంకె పుణ్యమే. పోనీ, ఆ అంకెను కొట్టివేయవచ్చునా? మనకు నచ్చనంత మాత్రమున కొట్టివేయుట విజ్ఞానము కాదు. ఆ జట్టును పిలిచి, వారు వాడిన స్కేలును తెప్పించి చూడవలెను. దాని సున్న వైపు కొన 4 మిల్లీమీటర్లు అరిగిపోయియున్నదనుకొనుడు. ఈ బల్లను కొలుచుటకు స్కేలును నాలుగుసార్లు పెట్టవలసివచ్చును. పెట్టినప్పుడెల్ల 4 మిల్లీమీటర్లు ఎక్కువగా లెక్కకు వచ్చును. మొత్తము 1.6 సెంటీమీటర్లు. 91.4 నుండి 1.6 తీసివేయగా 89.8. అంకె తన గుంపులోనికి వచ్చి చేరినది!

ఇప్పుడు గమనింపవలసిన విషయమేమనగా, ఈ జవాబును ఏ పుస్తకమును ముందుగా అచ్చువేసి ఇవ్వలేదు. అది ఆ తరగతిలోని ఆ స్కేలు కొనలో ఉన్నది. మరియొక తరగతిలో తప్పు బల్ల అంచులో ఉండవచ్చును, కన్ను ఏటవాలుగా చూచుటలో ఉండవచ్చును, లేక తప్పు చేసిన ఎనిమిదవ జట్టు కాక మిగిలిన ఏడు జట్లే కావచ్చును. కనుక ఉపాధ్యాయునికి తెలిసియుండవలసినది జవాబు కాదు, జవాబును వెదకు విధానము. దానిని ఉపన్యాసము విని నేర్చుకొనుట సాధ్యము కాదు. తాను స్వయముగా కొలిచి, తన అంకె పక్కవాని అంకెతో కలియక, కొంతసేపు వాదులాడి, చివరకు స్కేలును తిరగవేసి చూచినవానికే అది పట్టుబడును.

‘సంయోగ్ ఔర్ సంభావితా’ అను పాఠము ఇంతకంటెను గడుసైనది. ఒక నాణెమును పదిసార్లు ఎగురవేసినచో ఐదు బొమ్మలు, ఐదు బొరుసులు పడునని మనమందరము అనుకొందుము. లెక్క ప్రకారము సరిగా ఐదు బొమ్మలు పడుటకు గల అవకాశము 1024లో 252, అనగా నాలుగింట ఒక వంతు కంటె కొంచెము తక్కువ. నలభైమందిగల తరగతిలో సుమారు పదిమందికి మాత్రమే ఐదు–ఐదు వచ్చును. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు మిగిలిన ముప్పదిమందిని తప్పుచేసినారని మరల ఎగురవేయించును. పిల్లలు ఏమి చేయుదురు? అయ్యవారికి కావలసిన అంకెను వ్రాసి చూపుదురు. మన ప్రయోగశాలల రికార్డు పుస్తకములలో గురుత్వ త్వరణము ఎల్లప్పుడును 9.8కి అంత దగ్గరగా వచ్చుటకు కారణము ఇదియే కదా!

ఈ పుస్తకమును బోధింపగల ఉపాధ్యాయుని తయారుచేయుటకు హోషంగాబాదువారు చేసిన ఏర్పాటు ఏమి? మూడు వేసవులలో, వేసవికి మూడు వారముల చొప్పున శిక్షణ. అందులో ఉపాధ్యాయులు పిల్లలవలెనే నలుగురేసి కూర్చుండి, పుస్తకములోని ప్రయోగములను ఒక్కొక్కటిగా తామే చేసిరి. ఉపకరణములు ఖరీదైనవి కావు. సూదికి బదులు తుమ్మముల్లు చాలునన్నచోట తుమ్మముల్లే వాడిరి. 1978లో అక్కడికి వచ్చిన అరవింద్ గుప్తా అను యువ ఇంజనీరు సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి క్షేత్రగణితపు ఆకృతులను నిర్మించు పద్ధతిని ఈ వాతావరణములోనే కల్పించినాడు. తొలి సంవత్సరములలో శిక్షణ నిచ్చినవారు కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలవారు, టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు. కిశోర్ భారతిని స్థాపించిన అనిల్ సద్గోపాల్ కూడ శాస్త్రజ్ఞుడే. టాటా సంస్థలోని ఉద్యోగమును వదలి పల్లెకు వచ్చినవాడు. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి శిక్షకుల వరుసలో మాధ్యమిక పాఠశాలల ఉపాధ్యాయులు కూడ కనిపింపసాగిరి. నిన్న బల్లకు ఈవల కూర్చుండి నేర్చుకొన్నవారే నేడు ఆవల నిలుచుండి నేర్పిరి. విశ్వవిద్యాలయ ఆచార్యుడును, పల్లెటూరి బడిపంతులును ఒకే శిక్షక బృందములో కూర్చుండి ఆనాటి తరగతి ఎట్లు నడచినదో సాయంకాలము చర్చించుకొనుట మన దేశములో తరచుగా కనిపించు దృశ్యము కాదు.

వేసవి శిక్షణతో పని ముగియలేదు. ఉపాధ్యాయుడు తన ఊరికి పోయిన తరువాతనే అసలు చిక్కులు మొదలగును. అందుకై నెలకొకసారి సమీపములోని కొన్ని పాఠశాలల ఉపాధ్యాయులు ఒకచోట చేరి గోష్ఠి జరిపెడివారు. గత మాసములో ఏ ప్రయోగము తెగలేదు, ఏ ప్రశ్నకు పిల్లలు అనుకోని జవాబు చెప్పినారు, రాబోవు మాసములో ఏ పాఠమున్నది అనునవి గోష్ఠి విషయములు. దీనికి తోడు, అనువర్తనము పేరుతో తోటి ఉపాధ్యాయులు పాఠశాలలకు వచ్చి తరగతిలో కూర్చుండెడివారు. వారు తనిఖీ అధికారులు కారు. జీతము పెంచుటకు గాని ఆపుటకు గాని వారికి అధికారము లేదు. బహుశః అందువలననే వారితో ఉపాధ్యాయుడు తన ఇబ్బందిని దాచుకొనకుండ చెప్పగలిగినాడు.

ఇంతవరకు చెప్పినది మంచి శిక్షణ అని మాత్రమే అనవచ్చును. మంచి శిక్షణలు మరికొన్ని చోట్లను జరిగినవి. హోషంగాబాదు కార్యక్రమములోని విశేషము దీనికి తరువాతి మెట్టులో ఉన్నది. గోష్ఠులలో ఉపాధ్యాయులు చెప్పిన మాటలు పుస్తకములోనికి ప్రవేశించినవి. నడువని ప్రయోగమును తీసివేసినారు. పిల్లలకు అర్థము కాని వాక్యమును మార్చినారు. ‘బాల వైజ్ఞానిక్’ ముద్రణలను పక్కపక్కన పెట్టి చూచినవారికి ఈ దిద్దుబాటు స్పష్టముగా కనిపించును. ఉపాధ్యాయునికి ఇది చిన్న విషయము కాదు. తాను చెప్పినది ముద్రితమై తిరిగి తన బల్లమీదికే వచ్చుచున్నదని తెలిసినప్పుడు అతడు మరుసటి ప్రయోగమును మరింత జాగ్రత్తగా గమనించును. పరీక్ష విషయమును ఇట్టిదే. ఎనిమిదవ తరగతి విజ్ఞానపరీక్షకు ప్రత్యేక పద్ధతిని ప్రభుత్వము అనుమతించినది: వ్రాత పరీక్షలో పుస్తకము తెరచుకొనవచ్చును, ప్రయోగ పరీక్ష వేరుగా ఉండును. ప్రశ్నల తయారీలో ఉపాధ్యాయులు పాల్గొనిరి. పుస్తకము తెరచియున్నను జవాబు అందులో దొరకని ప్రశ్నను వ్రాయుట ఎంత కష్టమో ప్రయత్నించి చూచినవారికి తెలియును. ఒక సంవత్సరపు శిక్షణ నేర్పలేని విషయమును అటువంటి పది ప్రశ్నలు వ్రాయుట నేర్పగలదు.

ఇక లోపముల మాట. మొదటిది పుస్తకములోనే కలదు. ప్రతి విషయమును పిల్లవాడు తన చేతితో కనుగొనవలెనను నియమమునకు హద్దు ఉన్నది. కొలతలు, అయస్కాంతము, విద్యుద్వలయము, విత్తనము మొలకెత్తుట, ఆకులను గుంపులుగా విభజించుట వంటివి ఈ పద్ధతికి చక్కగా లొంగును. పరమాణువు లొంగదు. భూమి వయస్సు లొంగదు. రోగక్రిములను కనుగొన్న చరిత్ర లొంగదు. విజ్ఞానములో సగము ఇతరులు కష్టపడి కనుగొనగా మనము విని, తర్కించి, ఒప్పుకొన్నది. వినుటయు ఒక విద్యయే. చెప్పుటను అంతగా అనుమానించిన పుస్తకము, చక్కగా చెప్పగల ఉపాధ్యాయుని నేర్పును కొంత వృథా చేసినదని నా అభిప్రాయము. తల్లిదండ్రులలో కొందరు ఈ పిల్లలకు విషయము తెలియదని గొణిగినారనిన, ఆ గొణుగుడును పూర్తిగా అజ్ఞానమని త్రోసివేయరాదు.

రెండవ లోపము పెద్దది. ఈ కార్యక్రమము ఉపాధ్యాయునికి విద్యనిచ్చినది, గౌరవమునిచ్చినది; కాని స్థానమును ఇవ్వలేదు. అతడు శిక్షకుడైనాడు, పుస్తకము దిద్దినాడు, తోటివారి తరగతులకు పోయి సలహా చెప్పినాడు. అయినను సర్వీసు నిబంధనల దృష్టిలో అతడు మొదటినాడు ఏమో చివరినాడును అదియే. శిక్షకునిగా చేసిన పనికి పదోన్నతిలో గాని, వేతనములో గాని, సర్వీసు రిజిస్టరులో గాని నిలకడయైన చోటు ఏర్పడలేదు. బదిలీ అయి కార్యక్రమము లేని ఊరికి పోయినచో ఆ నేర్పు అంతయు పెట్టెలో పెట్టి తాళము వేసినట్లే. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఈ కార్యక్రమపు బాధ్యతను వహించి చాల శ్రమపడినది. పత్రికలు నడపినది, ఉపాధ్యాయులచేత వ్రాయించినది. కాని బయటి సంస్థ ఎంత మంచిదైనను విద్యాశాఖలో ఒక పదవిని సృష్టింపజాలదు. ఆ పని ప్రభుత్వము చేయవలసినది, చేయలేదు.

దీని ఫలితము 2002లో బయటపడినది. ఈ పద్ధతిలో చదివిన విద్యార్థులు పై తరగతులలో వెనుకబడుచున్నారనియు, రాష్ట్రమంతటను ఒకే పాఠ్యక్రమము ఉండవలెననియు వాదములు బయలుదేరినవి. ఏకలవ్య ఆ వాదములను అంగీకరింపలేదు. దేశములోని పలువురు శాస్త్రజ్ఞులు, విద్యావేత్తలు కార్యక్రమమును కొనసాగింపుడని కోరిరి. అయినను అది ఆగిపోయినది. ఫలితములను గూర్చిన వాదములో ఎవరిది ఒప్పు అను చర్చకు ఇచ్చట దిగను. నాకు ముఖ్యముగా తోచునది వేరొకటి. 30 సంవత్సరములు తరగతి గదిలో ఈ పుస్తకమును నడపినవారి తీర్పునకు ఆ నిర్ణయములో విలువనిచ్చు ఏర్పాటు ఏదియు లేకపోయినది. పాఠములోని వాక్యమును మార్పించగలిగిన ఉపాధ్యాయుడు పాఠమును నిలుపుకొనలేకపోయినాడు. నాయకత్వమను మాటను మనము శిక్షణ పత్రములలో విరివిగా వాడుచున్నాము. దేనిమీద నాయకత్వము అని అడిగినప్పుడు మాత్రము సమాధానము దొరకుట కష్టము.

ఈ దృష్టితో మన తెలుగు రాష్ట్రముల వైపు చూచినచో, గోష్ఠి మనకు కొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషను పాఠశాలలను సముదాయములుగా కూర్చవలెనని సూచించినది. బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో 1980వ దశకములో ప్రారంభమై 1996 వరకు నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయులు కలిసికొను కేంద్రములను ఏర్పరచినది. స్కూల్ కాంప్లెక్సు సమావేశమనిన తెలియని ఉపాధ్యాయుడు ఇప్పుడు మనలో ఉండడు. ఆకారములో అది హోషంగాబాదు గోష్ఠికి సోదరియే: అదే విధముగా కొన్ని బడుల ఉపాధ్యాయులు, అదే విధముగా ఒక ఉన్నత పాఠశాల గది. అయితే పైనుండి వచ్చిన ఉత్తరువులను చదివి వినిపించుటకును, క్రింది నుండి పోవలసిన పట్టికలను నింపుటకును చాలచోట్ల కాలము సరిపోవుచున్నది. ఒక పాఠము తరగతిలో నడువలేదని ఎవరైన అన్నచో, ఆ మాట ఆ గది దాటి పాఠ్యపుస్తక రచయితల బల్ల వరకు పోవు దారి కనిపించదు. దారి లేదని తెలిసినవాడు రెండవసారి చెప్పడు.

దేశవ్యాప్త శిక్షణలలో ఈ చిక్కు మరింత పెద్దది. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘నిష్ఠ’ పథకము ప్రాథమిక, ప్రాథమికోన్నత స్థాయిలలోని సుమారు 42 లక్షలమంది ఉపాధ్యాయులను, ప్రధానోపాధ్యాయులను లక్ష్యముగా పెట్టుకొన్నది. అంతమందికి స్వయముగా నేర్పుట ఎవరితరమును కాదు కనుక, కొందరికి నేర్పి, వారిచే మరికొందరికి నేర్పించు సోపాన పద్ధతి అనుసరింపబడినది. 2020లో కోవిడ్ కారణముగా శిక్షణ ‘దీక్ష’ వేదికపై ఆన్‌లైనులోనికి మారినది. పెద్ద కుండలోని నీటిని చిన్న కుండలలోనికి, వానినుండి చెంబులలోనికి పోయునప్పుడు దారిలో కొంత ఒలుకుట సహజము. ఒలికిపోవుటను గూర్చి అందరును మాటలాడుదురు. కాని ఈ ఏర్పాటులో నీరు క్రిందికే పోవును, పైకి రాదు అనునది అంతకంటె పెద్ద లోటు. బల్లను కొలిచిన ఎనిమిదవ జట్టు స్కేలు అరిగినదను వార్త ఏ మెట్టు ఎక్కి పైకి పోవును?

2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును సంవత్సరమునకు కనీసము 50 గంటలు వృత్త్యభివృద్ధికి వినియోగింపవలెనని చెప్పినది. నాయకత్వ లక్షణములు గల ఉపాధ్యాయులకు మరింత శిక్షణనిచ్చి విద్యా నిర్వహణలో బాధ్యతలు అప్పగింపవచ్చుననియు చెప్పినది. హోషంగాబాదులో లేకపోయిన మెట్టు ఇదియే కనుక, ఇది ఆహ్వానింపదగిన మాట. అయితే గంటలను లెక్కించుటలో ఒక మెలిక కలదు. ఒక వీడియోను చివరి వరకు చూచినవానికి గంట సులభముగా నమోదగును. ఒక ప్రయోగమును నాలుగు తరగతులలో చేయించి, ఎక్కడ ఎందుకు చెడినదో వ్రాసి, తోటివారి ఎదుట పెట్టి, పుస్తకములో ఒక పేరాను మార్పించుటకు పట్టిన గంటలు ఏ ఖాతాలో వ్రాయుదురు? రాష్ట్రముల విద్యా పరిశోధన శిక్షణ సంస్థలు ఈ రెండవ రకపు గంటలను కూడ సమానముగా లెక్కించి, అట్టి నివేదికలను పాఠ్యపుస్తక సంఘము చదివి జవాబివ్వవలెనను నియమము పెట్టినచో, దానికి అగు ఖర్చు స్వల్పము. ప్రశ్నపత్రములో ఒక్క ప్రశ్నను, పుస్తకములో దొరకనిదానిని, ప్రతి సముదాయపు ఉపాధ్యాయులే తయారుచేయుటకు వదలిపెట్టినను ప్రారంభమునకు చాలును.

‘బాల వైజ్ఞానిక్’ సంపుటములను ఏకలవ్య సంస్థ ఇప్పటికిని అందుబాటులో ఉంచినది. వానిని పూర్తిగా మన తరగతులలో ప్రవేశపెట్టవలెనని నేను అనను. పరమాణువును గూర్చి పైన చెప్పిన ఆక్షేపణ ఉండనే ఉన్నది. హిందీ చదువగల విజ్ఞాన ఉపాధ్యాయులు వచ్చే కాంప్లెక్సు సమావేశములో కొలతల పాఠమును మాత్రము తామే చేసి చూడవచ్చును. అందుకు కావలసినవి ఒక బల్ల, ఎనిమిది పాత చెక్క స్కేళ్లు. అన్నియు కొత్తవైనచో పాఠము నడువదు. కొన అరిగినది ఒక్కటైనను ఉండవలెను.